వరదొచ్చినప్పుడల్లా నూకరత్నం

నూకరత్నం మళ్ళీ మునిగిందట. ఈసారి అస్సాంలోనట. మహాలక్ష్మమ్మకి కొత్తపేటలో ఉన్న వాళ్ళ చెల్లెలు ఫోన్ చేసి ఈ సంగతి చెవిన వేసింది. మహాలక్ష్మమ్మ బోరింగు దగ్గర తన బిందె నిండేలోపు అక్కడున్న ఆడవాళ్ళందరికీ పంచింది. అందులో ఒకావిడ, అంగన్‌వాడీలో ఆయా పని చేసే ప్రిస్కిల్లా, కుట్టడానికిచ్చిన జాకెట్టు అయిందో లేదో కనుక్కునే వంకన నేరుగా నూకరత్నం అరుగు మీదికే వచ్చి చెప్పింది.

"అస్సామంటే ఎక్కడ వదినా?" అంది నూకరత్నం, మిషను ఆపకుండానే.

"ఎక్కడో పైన. టీ పొడి వస్తదే, ఆ దేశం."

"పోయినేడు విజయవాడలో మునిగాను. ఏడాదికేడాది దూరం పోతున్నాన్లే."

ప్రిస్కిల్లా నవ్వింది. నవ్వాక, నవ్వొచ్చో లేదో అనుమానమొచ్చి సగంలో ఆపేసింది. జాకెట్టు సంగతి అడగడం మరిచిపోయి వెళ్ళిపోయింది.

మా గరువులంకకి రెండు వైపులా గోదారే. పడవెక్కి రేవు దాటితేగాని రోడ్డు కనపడదు. 2022 జూలైలో వచ్చిన వరద మెరకలో మోకాలి లోతు, పల్లంలో ఛాతీ లోతు నిలబడింది. నూకరత్నం ఇల్లు పల్లంలో ఉంది. మొగుడు సత్తియ్య తన ముసలి తల్లిని వీపున వేసుకుని ముందు పోయాడు. కూతురు లావణ్య పుస్తకాల సంచితో పడవెక్కింది. నూకరత్నం మాత్రం కుట్టుమిషను వదల్లేదు. ఇనప స్టాండు పోతే పోయిందని పైనున్న మిషను ఊడదీసి నెత్తిన పెట్టుకుంది. రెండు చేతులతో దాన్ని పట్టుకుని నీళ్ళలో నడిచింది. రెండు చేతులూ నెత్తి మీదుంటే పైట ఎవరు సర్దుతారు? అది జారిపోయి నీళ్ళమీద తేలింది. జాకెట్టు తడిసి ఒంటికి అతుక్కుపోయింది. అదే సమయానికి ఆవిడ తల తిప్పి పడవ వైపు చూసింది.

పడవలో దుర్గాసాయి ఉన్నాడు, చేతిలో కెమెరాతో.

దుర్గాసాయిది ఈ ఊరే. రేవు అవతల సెంటర్లో ఫోటో స్టూడియో పెట్టుకున్నాడు. పెళ్ళిళ్ళూ, ఓణీల ఫంక్షన్లూ, పాస్‌పోర్టు ఫోటోలూ, ఫ్లెక్సీలూ అతని బతుకుతెరువు. నూకరత్నాన్ని పిన్నీ అని పిలుస్తాడు. రక్తసంబంధం కాదు, పక్కపక్క వీధుల సంబంధం. చెడ్డవాడు కాడు. ఆ రోజు పడవలో జనాన్ని ఎక్కించడానికి మధ్యాహ్నం దాకా నీళ్ళలోనే ఉన్నాడు. పని కాస్త తెరిపినిచ్చాక ఫోటోలు తీశాడు. సాయంత్రం కరెంటున్న చోటికి పోయి, ఫేస్‌బుక్‌లో 'మా ఊరి తల్లి' అని రాసి నూకరత్నం ఫోటో పెట్టాడు. తన పేరు వేసుకోవడం గాని, స్టూడియో గుర్తు వేసుకోవడం గాని ఆ కంగారులో తోచలేదు. పెట్టనా అని పిన్నిని అడగడం అసలే తోచలేదు.

ఫోటో బాగుంది. ఆ మాట ఒప్పుకోవాలి. పైన బూడిదరంగు మబ్బు, కింద ఎర్రనీళ్ళు, మధ్యలో నల్లటి మిషను కింద ఒక ఆడమనిషి మొహం. ఆ మొహంలో ఏడుపు లేదు, విసుగుంది. చూసేవాళ్ళు ఆగి చూస్తారు. కొందరు మొహం దగ్గర ఆగుతారు. కొందరు ఇంకాస్త కింద ఆగుతారు. నూకరత్నం బాధంతా ఆ రెండో రకం వాళ్ళతోనే.

తెల్లారేసరికి ఎవరో ఆ ఫోటోని ఎత్తుకుపోయి తమ గుర్తు వేసుకుని పెట్టుకున్నారు. వాళ్ళ దగ్గరినుంచి ఇంకొకరు. రాజమండ్రి వైపు వార్తలు పెట్టే ఒక పెద్ద పేజీ దాన్ని తన నెత్తిమీద బొమ్మగానే పెట్టుకుంది. ఆ తర్వాత దేశంలో ఎక్కడ వానపడ్డా నూకరత్నమే మునిగింది. గోదారిలో చుక్క నీరు పెరగని రోజుల్లో కూడా సామర్లకోట నుంచి అన్నగారు జగన్నాథరావు ఫోన్ చేసేవాడు. "మీ ఊరు మునిగిందంట కదమ్మా, ఫోన్లో చూశాను, బియ్యం మూట పట్టుకుని బయల్దేరనా?" అనేవాడు. "మునగలేదన్నయ్యా, అది పాత మునక," అని చెప్పేది. చెప్పి చెప్పి ఆవిడకి నోరు నొప్పెట్టింది గాని ఆయనకి కంగారు తగ్గలేదు.

దుర్గాసాయి ఇంకో రకంగా కుమిలిపోయాడు. తన పెరట్లో అరటిగెల ఊరంతా కోసుకుపోతుంటే చూస్తూ నిలబడినవాడిలా అయిపోయాడు.

"కొట్టేశారు పిన్నీ, దొంగనాయాళ్ళు."

"అవున్రా, కొట్టేశారు."

"ఇలా వదిలెయ్యకూడదు."

"వదలొద్దు."

ఇద్దరి గోలా ఒకటేనని ఇద్దరూ అనుకున్నారు.

మరుసటేడు దుర్గాసాయి ఫోటో మూల మీద తన పేరు వేసి మళ్ళీ పెట్టాడు. ఎత్తుకుపోయేవాళ్ళు ఆ మూల కోసేసి వాడుకున్నారు. అప్పుడు నూకరత్నం స్టూడియోకి వెళ్ళింది. దుర్గాసాయి కంప్యూటర్ ముందు కూర్చుని, తెరమీద ఆవిడ బొమ్మని నీళ్ళ అంచు నుంచి నెత్తిదాకా పెద్దది చేసుకుని చూస్తున్నాడు.

"ఇప్పుడెక్కడ వేస్తున్నావురా పేరు?"

"మూల వేస్తే కోసేస్తున్నారు పిన్నీ. అందుకే నీళ్ళమీద అడ్డంగా వేస్తాను. కొయ్యాలంటే సగం ఫోటో పోద్ది."

"నీళ్ళమీదెందుకు? కాస్త పైకి జరుపు."

"పైకంటే?"

ఆవిడ తెరమీద వేలు పెట్టి చూపించింది. దుర్గాసాయి చెవులు ఎర్రబడ్డాయి.

"అక్కడేస్తే ఫోటో చచ్చిపోద్ది పిన్నీ."

"చస్తే చచ్చింది. లావుగా రాయి. సిమెంటు కంపెనీలోళ్ళు గోడల మీద రాయరూ, అలా రాయి."

"అబ్బే, అక్కడే ఎందుకు రాశాడని జనం ఇంకా ఎక్కువ చూస్తారు. ఇది ఆర్టు పిన్నీ. నీకు తెలీదు."

ఆర్టంటే ఆవిడకి నిజంగానే తెలీదు. జాకెట్టు మెడ ఎంత లోతు పెట్టాలో, ఎవరికి పెట్టాలో, ఎవరికి అడిగినా పెట్టకూడదో మాత్రం తెలుసు. పేరు నీళ్ళమీదే పడింది. దాన్ని కూడా ఏదో యాప్‌తో చెరిపేసి వాడుకున్నారు.

తర్వాత చేసిన పని మాత్రం మా వైపు వాళ్ళకే తోచేది. దుర్గాసాయి రోజూ తయారుచేసేవి ఫ్లెక్సీలు కదా. మా దగ్గర ఫ్లెక్సీమీద పేరు లేని మొహం ఉండదు. పుట్టినరోజైనా, పెద్దకర్మైనా, వినాయక చవితి కమిటీ అయినా, ఆఖరి వరసలో గోరంత మొహానికి కూడా కింద ఇంటిపేరు, పేరు, చివర గారు ఉండాలి. ఒక్క గారు తప్పిపోతే సదరు గారు స్టూడియోకొచ్చి నానా మాటలూ అని పోతారు. అలా అలవాటు పడిన చేయి అతనిది. ఫోటో అసలుది తన దగ్గరే ఉందని లోకానికి రుజువు చెయ్యాలంటే అందులో ఉన్న మనిషెవరో చెప్పడమే మార్గమని అతనికి తోచింది. ఎర్రక్షరాలకి పసుపు అంచు కట్టి, ఫోటో నెత్తిన వేశాడు: 'శ్రీమతి పోలిశెట్టి నూకరత్నం గారు, లేడీస్ టైలర్, గరువులంక.' కింద, చిన్నక్షరాల్లో: 'ఫోటో: మీ దుర్గాసాయి.'

కోసేవాళ్ళు ఎప్పటిలాగే కింద కోశారు. దుర్గాసాయి పోయాడు. పైన నూకరత్నం గారు ఇంటిపేరుతో సహా మిగిలిపోయారు.

అంతవరకూ ఆ ఫోటోలో ఉన్నది ఎవరో ఒక ఆడమనిషి. ఆ తర్వాత నుంచి నూకరత్నం.

ఆ సంగతి ఆవిడకి రావులపాలెంలో తెలిసింది. జాకెట్లకి లైనింగు గుడ్డ తీసుకోవడానికి ఎప్పుడూ వెళ్ళే కొట్టుకి వెళ్ళింది. కౌంటర్లో ఉన్న కుర్రాడు, "నూకరత్నం గారంటే మీరేనాండీ? మీ ఫోటో మా గ్రూపులో ఉందండి," అన్నాడు. చాలా మర్యాదగానే అన్నాడు. పక్కవాడు బల్లకింద ఫోన్ తీసి, ఒకసారి దాన్నీ ఒకసారి ఆవిడనీ చూశాడు. ముందు మొహం చూశాడు, తర్వాత కళ్ళు దించాడు. నూకరత్నం లైనింగు తీసుకోకుండానే బస్సెక్కేసింది.

మళ్ళీ రేవు దాటలేదు. లైనింగులూ, హుక్కులూ డిగ్రీ కాలేజీ నుంచి వస్తూ లావణ్య తెచ్చేది. ఆకుపచ్చ అంటే చిలకాకుపచ్చ తెచ్చేది. రంగు కలవలేదని బేరాలు తగ్గాయి. సామర్లకోటలో మేనకోడలి పెళ్ళైతే, ఒంట్లో బాగోలేదని కబురంపింది. అన్నగారు అలిగాడు. మేనత్త చెయ్యాల్సిన ముచ్చట్లు ఎవరో చేశారు. ద్రాక్షారామం వెళ్దామని వీధిలో ఆడవాళ్ళు ఆటో మాట్లాడుకుంటే, ఇంకోసారొస్తానంది. అడగ్గా అడగ్గా వాళ్ళు అడగడం మానేశారు.

సత్తియ్య ఆ ఫోటో గురించి మాట్లాడేవాడు కాదు. ఒక్కసారి మాత్రం అన్నం తింటూ అన్నాడు.

"ఆ మిషను వదిలేసి రావాల్సింది."

"వదిలేసొస్తే ఆ ఏడంతా మనకి కూడెవడు పెట్టేవాడు?"

సత్తియ్య తలొంచుకుని మజ్జిగ పోసుకున్నాడు. వరద తీశాక తోట పనులు లేక, నెలల తరబడి ఇల్లు నడిచింది ఆ మిషను మీదే.

అస్సాం కబురొచ్చిన రోజు సాయంత్రం లావణ్య కాలేజీ నుంచి రాగానే తల్లి ముందు కూర్చుంది.

"అమ్మా, నేను ఫేస్‌బుక్‌కి మళ్ళీ రిపోర్టు కొట్టాను. మా నియమాలకి వ్యతిరేకంగా ఇందులో ఏమీ లేదని వచ్చింది."

"ఎవరి నియమాలు?"

"వాళ్ళవి."

"మరి మనవో?"

లావణ్య ఫోన్ వంక చూసుకుంది. "ఇంకో దారుందమ్మా. తీసినవాళ్ళే వచ్చి, ఇది నాది, నన్నడక్కుండా వాడారు అంటే వింటారంట. ఫోటో తీసినోళ్ళకి హక్కుంటదంట."

"తీయించుకున్నోళ్ళకి?"

"నువ్వు తీయించుకోలేదుగా."

"అదేనే నేనూ అడిగేది."

లావణ్య ఫోన్ పక్కన పెట్టి, "ముందు సాయన్నయ్యతో ఆ పెద్ద పేజీ మీద కంప్లైంట్ పెట్టిద్దాం. మిగతావాళ్ళంతా దాన్లోంచే ఎత్తుకుంటున్నారు. పూర్తిగా పోదు గాని, పెద్ద తూము మూస్తే పిల్లకాలవలు ఎండుతాయిగా," అంది.

చాలాకాలం తర్వాత నూకరత్నం రేవులో పడవెక్కింది. పైట రెండు భుజాల మీదుగా కప్పుకుని చెంగు గుప్పిట్లో పట్టుకుంది. ఆగస్టు ఉక్కకి పడవలో అందరూ విసురుకుంటున్నారు. నూకరత్నం చెంగు వదల్లేదు. నీళ్ళు అప్పటికే ఎర్రబడి, సుడులు తిరుగుతూ పోతున్నాయి. ధవళేశ్వరం దగ్గర పెరుగుతోందని పడవవాడు ఎవరికో చెబుతున్నాడు.

స్టూడియోలో లావణ్య అంతా వివరంగా చెప్పింది. దుర్గాసాయి మొదట నీరసంగా విన్నాడు.

"నాదని నేనంటే ఎవడొప్పుకుంటాడే? ఎన్ని మెసేజిలు పెట్టానో నీకేం తెలుసు."

"మెసేజి కాదన్నయ్యా. కంప్లైంట్. కెమెరాలోంచి వచ్చిన అసలు ఫోటో నీ దగ్గరుందిగా?"

"ఆయ్, ఉంది. దాని ముందూ వెనకా తీసినవి కూడా ఉన్నాయి."

"అవి ఎవరి దగ్గరా ఉండవు. అదే సాక్ష్యం."

దుర్గాసాయి కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. "అవును కదా," అన్నాడు. మొహంలోకి రంగొచ్చింది. "అవును కదే! ఇన్నాళ్ళూ నాకు తట్టలేదు చూడు."

"నీ పేజీలోది కూడా తీసెయ్యి," అంది లావణ్య.

"ముందు వాళ్ళ సంగతి తేల్చనీ. తర్వాత చూద్దాం."

నూకరత్నం అంతవరకూ బెంచీ మీద, గోడకున్న పెళ్ళిళ్ళ ఫోటోల కింద కూర్చుంది. లేచి అతని దగ్గరికొచ్చింది.

"ఒరే సాయీ. ఫోటో నీదే. కాదనను. అందులో మనిషిని నేను. ఈ వరదకి నేను మునక్కూడదు. అంతే. ఇంకేం అడగను నిన్ను."

"నువ్వింటికెళ్ళి పడుకో పిన్నీ. నేను చూసుకుంటాను," అన్నాడు దుర్గాసాయి. మనస్ఫూర్తిగానే అన్నాడు.

మొదటి ప్రమాద హెచ్చరిక పడింది. ఊళ్ళోవాళ్ళు విసుక్కుంటూనే బియ్యం డ్రమ్ములు అటకెక్కించారు, గేదెల్ని మెరకకి తోలారు. కొత్తేం కాదు కనక ఎవరూ పరిగెత్తలేదు. నూకరత్నం కుట్టాల్సిన గుడ్డలు మూటగట్టి దూలానికి వేలాడేసింది. చేతులు పని చేస్తున్నాయి గాని చెవి లావణ్య ఫోన్ మీదే ఉంది.

"జవాబొచ్చిందా?"

"పరిశీలిస్తున్నారంటమ్మా."

రెండు రోజులకి లావణ్య కాలేజీ నుంచి పరిగెత్తుకుంటూ వచ్చింది. "అమ్మా, ఆ పేజీలో లేదు! తీసేశారు. చూడు." ఫోన్ చూపించింది. ఆవిడ బొమ్మ ఉండాల్సిన చోట బూడిదరంగు ఖాళీ ఉంది. నూకరత్నం ఆ ఖాళీని చాలాసేపు చూసింది. తర్వాత లేచి, "రేపు నేనే వెళ్తాను రావులపాలెం. నువ్వు తెచ్చిన ఆకుపచ్చ ప్రిస్కిల్లాకి నచ్చలేదు," అంది.

మర్నాడు వెళ్ళింది కూడా. పైట మామూలుగానే వేసుకుంది. పాత కొట్టుకే పోయి, గుడ్డని వెలుతురులోకి తెచ్చి మరీ చూసుకుని కొనుక్కుంది. కౌంటర్లో కుర్రాడు ఏమీ అనలేదు. వచ్చేదారిలో సామర్లకోట అన్నగారికి తనే ఫోన్ చేసి, దసరాకి వస్తానంది.

వారం తిరక్కుండా వరద మా రేవు మెట్లదాకా వచ్చి, ఊళ్ళోకి రాకుండా నిలబడిపోయి, తీయడం మొదలుపెట్టింది. ఊరు బురద వాసన కొడుతోంది. దూలం మీంచి దించిన గుడ్డల మూట విప్పుకుని నూకరత్నం అరుగుమీద కూర్చుంది. మహాలక్ష్మమ్మ, ప్రిస్కిల్లా తమ జాకెట్ల కోసం వచ్చి కూర్చున్నారు. సత్తియ్య గుమ్మంలో పార మీది బురద గోకుతున్నాడు. అప్పుడొచ్చాడు దుర్గాసాయి. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. చేతిలో తాపేశ్వరం కాజాల పెట్టె ఉంది.

"పిన్నీ, నోరు తెరువు ముందు."

"ఏంటిరా హడావుడి?"

"గెలిచాం పిన్నీ! ఆ పేజీవాడు నాకు ఫోన్ చేశాడు. వాడే, స్వయంగా. తప్పయిందన్నాడు. ఇన్నాళ్ళూ వాడుకున్నందుకు అందరిముందూ సారీ చెప్తానన్నాడు. చెప్పాడు కూడా, పొద్దున్నే. ఇదిగో."

ఫోన్ ముందుకు చాచాడు. మహాలక్ష్మమ్మ అందరికంటే ముందు తల పెట్టింది. బూడిదరంగు ఖాళీ పోయింది. మబ్బు, ఎర్రనీళ్ళు, నల్ల మిషను, దాని కింద నూకరత్నం. ఇదివరకటికంటే ఎంతో స్పష్టంగా ఉంది. అసలు ఫైలు పంపించాడు కదా మరి. జాకెట్టు కుట్లు లెక్కపెట్టొచ్చు. కింద ఎడమపక్క, నీళ్ళమీద, అందమైన తెల్లక్షరాల్లో దుర్గాసాయి పేరు.

"ఇదేంటత్తా మళ్ళీ వచ్చింది?" అంది ప్రిస్కిల్లా మెల్లిగా, మహాలక్ష్మమ్మతో.

లావణ్య లోపలినుంచి వచ్చింది. ఫోన్ తీసుకుని చూసింది. "అన్నయ్యా, కంప్లైంట్ వెనక్కి తీసుకున్నావా?"

"తీసుకున్నానే. వాడు తప్పొప్పుకున్నాక ఇంకా తగువెందుకు? ఇకనుంచి ఎవడేసినా నా పేరుతోనే వెయ్యాలని కూడా రాశాడు. పిన్నీ, నీ పేరు మాత్రం తీయించేశాను. అది నా పొరపాటే. నీకు ఇబ్బందని దగ్గరుండి తీయించాను. ఇప్పుడు నా పేరొక్కటే ఉంది." అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "మూడేళ్ళు పిన్నీ. ఎంతమంది నవ్వారు నన్ను చూసి, అది నేను తీశానంటే. ఇక ఎవడూ నవ్వడు. మన బాధ తీరిపోయింది."

కాజా పెట్టె మూత తీసి అందరి ముందూ తిప్పాడు. మహాలక్ష్మమ్మ చెయ్యి సగం చాచి, నూకరత్నం వంక చూసి, వెనక్కి తీసుకుంది. సత్తియ్య బురద గోకడం ఆపాడు. ఫోన్ మాత్రం లావణ్య చేతిలో వెలుగుతూనే ఉంది. చూస్తుండగానే కింద ఎవరెవరో ఏవేవో రాస్తున్నారు. లావణ్య అవి చదివి, ఫోన్ బోర్లా తిప్పి ఒళ్ళో పెట్టుకుంది.

నూకరత్నం సూదిలో దారం ఎక్కిస్తోంది. ఎక్కించి, ముడివేసి, దారం పళ్ళతో తెంపి, అప్పుడు తలెత్తింది.

"నీ పేరు నీకొచ్చేసింది సాయీ. నా ఒళ్ళు నాకెప్పుడిస్తావు?"